స్వర్గీయ ఖర్గేశ్వర్ భూయాన్ ద్వారం

మా బొగొరీజాన్ ఊరి సాహితీ సభలో ఒక మనిషి పేరు పైకెక్కాలంటే ముందు ఆ మనిషి పైకి పోవాలి. ఇది నేను వెటకారానికి అంటున్నది కాదు, మా నియమావళిలో పదకొండో నియమం. రెండేళ్ళకోసారి మహాసభ జరిగినప్పుడు మైదానానికో పేరు, వేదికకో పేరు, ద్వారానికో పేరు, పుస్తకాల అంగళ్ళ వరసకో పేరు, చివరికి వంటపాకకి కూడా ఓ పేరు పెడతాం. అవన్నీ కీర్తిశేషుల పేర్లే అయి తీరాలి. బతికున్నవాళ్ళకి మా దగ్గర దొరికేది గామోసా. ఆ ఎర్రంచు తెల్లగుడ్డ మెడలో వేసి, దండం పెట్టి, ఇక కూర్చోమంటాం. మా ఇంట్లో అలాంటివి నూట పన్నెండు పోగుపడ్డాయి. ఎవరూ చూడనప్పుడు మావారు వాటితో స్కూటరు తుడుస్తారు.

నా పేరు తరులత బొరా. ముప్పై ఏళ్ళు బళ్ళో అస్సామీ చెప్పి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. ఊళ్ళో చిన్నా పెద్దా నన్ను బైదేవ్ అంటారు, అక్కగారూ అన్నట్టు. ఆ పిలుపులో గౌరవం కంటే పాత బెత్తం భయం ఎక్కువని నాకు తెలుసు. రెండేళ్ళ క్రితం నన్ను సభకి కార్యదర్శిని చేశారు. సంతోషించేలోపే డెబ్భై అయిదేళ్ళ ఉత్సవం నెత్తిన పెట్టి, "సభ చరిత్ర కూడా మీరే రాసేయండి బైదేవ్, మీ చేతిరాత గుండ్రంగా ఉంటుంది" అన్నారు.

చరిత్రకి ఆధారం ఒక ఇనప్పెట్టె. అందులో చెదపురుగులు దయతలచి వదిలిన పదిహేడు మినిట్స్ పుస్తకాలున్నాయి. ఆరు నెలలు వాటితో కాపురం చేశాను. 1949లో తొమ్మిదిమంది పెద్దమనుషులు ఒక కలప డిపో వరండాలో కూర్చుని, మన భాషనీ సంస్కృతినీ మనమే కాపాడుకోవాలని మొదటి తీర్మానం చేశారు. టీలో చక్కెర తగ్గిందని రెండో తీర్మానం చేశారు. 1957లో పత్రిక పెట్టారు. 1958లో ఆ పత్రిక ఎందుకు ఆగిపోయిందో విచారించడానికి ఉపసంఘం వేశారు. ఆ ఉపసంఘం నివేదిక ఇంకా రావలసి ఉంది. ఇలా నవ్వుకుంటూ చదువుతుంటే మధ్యలో ఒక పేజీ వస్తుంది. బళ్ళో పిల్లలకి మన భాషలోనే పాఠాలు చెప్పాలని ఈ పెద్దమనుషులే వానలో ఊరేగింపు తీసి, దెబ్బలు తిని, మర్నాడు కట్లతోనే సమావేశానికి వచ్చి సంతకాలు పెట్టారు. ఆ పేజీ దగ్గర నేను నవ్వు ఆపి కళ్ళు తుడుచుకున్నాను.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది మాత్రం ఒక పేరు. 1964 నుంచి ప్రతి మహాసభ పనుల జాబితాలో ఒకే ముక్క ఉంటుంది: "ద్వారాలు, ఖర్గేశ్వర్ భూయాన్." వెదురు నరికేది ఆయన, చీల్చేది ఆయన, కట్టేది ఆయన. పైన రాసే పేరు మాత్రం పోయిన ఏ వకీలుదో, ఏ జమీందారుదో. ఇలా ఇరవై రెండేళ్ళు నడిచాక 1986 ఫిబ్రవరి తొమ్మిదో తేదీ సమావేశం కింద ఈ వాక్యం ఉంది: "సభ్యులందరు లేచి నిలబడి ఖర్గేశ్వర్ భూయాన్ కొరకు ఒక నిమిషము మౌనము పాటించిరి." ఆ తర్వాత ఆ పేరు ఏ పేజీలోనూ కనబడదు.

మనిషి పోయాడనుకోక ఇంకేమనుకుంటాం? నేను ఈ ఊరికి కోడలిగా వచ్చింది ఆ తర్వాత నాలుగేళ్ళకి. ఎవరినైనా అడుగుదామంటే, ఆ పేజీలో సంతకాలు పెట్టినవాళ్ళలో ఒక్కరు తప్ప అందరూ ఈపాటికి ద్వారాలూ వేదికలూ అయిపోయారు. ఆ ఒక్కరితో నాకు మాటల్లేవు. అందుకని నా పుస్తకం నలభై ఒకటో పేజీలో నేనే ఓ పేరా రాసేశాను. "నడివయసులోనే అకాల మరణం పొందిన ఈ నిరాడంబర శిల్పి" అని మొదలుపెట్టి, "బహుశా బ్రహ్మపుత్ర వరదే ఆయనను తనలో కలుపుకుని ఉంటుంది" అని ముగించాను. దానికి ఆధారం ఏమీ లేదు. కానీ వాక్యం బాగా కుదిరింది, కొట్టేయడానికి చెయ్యి రాలేదు.

నాతో మాటల్లేని ఆ ఒక్కరు ఫటిక్ హజారికా, మా ఉపాధ్యక్షుడు. చౌరస్తాలో గడియారాల కొట్టు ఉంది. ఆ కారణంగా సభలో మౌనం పాటించినప్పుడల్లా సమయం చూసే పని అతనిది. ఊళ్ళో గడియారాలన్నీ బాగుచేస్తాడు గానీ అతని నిమిషం మాత్రం నలభై సెకన్లే. అందరూ తలలు వంచీ వంచకముందే "ధన్యవాదాలు, కూర్చోండి" అంటాడు. మా సభలో పోయినవాళ్ళందరికీ ఈ మనిషి ఇరవయ్యేసి సెకన్లు ఎగ్గొట్టాడు.

పేర్లు పెట్టే సమావేశంలో నేను, "ప్రధాన ద్వారానికి ఖర్గేశ్వర్ భూయాన్ పేరు" అన్నాను. ఆ పేరు వినగానే ఫటిక్ ఒక్క క్షణం తల దించుకుని, వెంటనే తేరుకుని, "మా మామగారు ధర్మకాంత దువరా పేరు" అన్నాడు. దువరా గారు సభకి ఏం చేశారని అడిగితే "క్రమం తప్పకుండా వచ్చేవారు" అన్నాడు. ఓట్లు పెట్టాం. ఒక్క ఓటుతో నేను గెలిచాను. దువరా గారికి సైకిల్ స్టాండు దక్కింది. పదిరోజులు ఫటిక్ వాళ్ళావిడ అతనికి చప్పిడి కూరలు పెట్టిందని ఊరంతా చెప్పుకున్నారు. అప్పట్నుంచి అతను నాతో చెప్పాల్సిన మాటలు గోడతో చెబుతాడు.

మహాసభ రోజు పొద్దున్న ఆరింటికి మైదానానికి వెళ్ళాను. మంచు ఇంకా విడలేదు. డెకరేషన్ వాళ్ళు కట్టిన ద్వారం ఎడమవైపుకి కాస్త ఒరిగి ఉంది. పైన పలక మీద ఎర్రటి అక్షరాలతో "స్వర్గీయ ఖర్గేశ్వర్ భూయాన్ ద్వారం" అని రాసి ఉంది. దాని పక్కన నిచ్చెన, నిచ్చెన మీద ఒక ముసలాయన. నడుముకి కత్తి, భుజాన నీళ్ళోడుతున్న పేము చుట్ట. డెకరేషన్ వాళ్ళ తాళ్ళని పుటుక్కు పుటుక్కుమని కోసి కిందికి విసురుతున్నాడు.

"ఎవరది? దిగండి ముందు," అన్నాను, బడి గొంతుతో.

"నేను దిగితే ఇది పడుతుంది," అన్నాడాయన, తిరిగి చూడకుండా.

"డెకరేషన్ వాళ్ళ మనిషా మీరు?"

"వాళ్ళ మొహం. నానబెట్టని వెదురు తెచ్చి ప్లాస్టిక్ తాడుతో కట్టారు. ఇది ద్వారమా, బట్టలారేసుకునే దండెమా? నా పేరు పెట్టుకుని ఇలాంటిది నిలబెడతారా ఎవరైనా?"

"మీ పేరా?"

ఆయన కత్తి మొనతో పైనున్న పలకని చూపించాడు. "అదే."

పక్కన మంచుకి తడిసిన కుర్చీ ఒకటుంటే దానిలో కూలబడ్డాను. చీర తడిసింది. ఆ సంగతి మధ్యాహ్నం దాకా నాకు తెలియలేదు.

"ఖర్గేశ్వర్ భూయాన్ గారా? మరి మీరు పోయారు కదా?"

"పోయాను. నది దాటి మా అత్తారి ఊరు పోయాను. అక్కడే ఉంటున్నా. చేపల బుట్టలు అల్లుతా." ఒక ముడి పళ్ళతో బిగించి ఉమ్మేశాడు. "మొన్న రేవులో మరమరాలు కొన్నా. పొట్లం విప్పి చూస్తే మీ కార్యక్రమం కాగితం. ప్రధాన ద్వారం అని చదివా. పక్కన నా పేరు చదివా. మరమరాలు ఒళ్ళో పోసుకుని మళ్ళీ చదివా. నిన్న చివరి పడవకి వచ్చేశా."

"మినిట్స్‌లో మీ కోసం మౌనం పాటించినట్టు ఉంది కదా ఖురా," అన్నాను. చిన్నాన్న వరస మనిషి కనిపిస్తే మాకు నోట ఆ పిలుపే వస్తుంది. వచ్చాక ఇక కేకలేయడం కుదరలేదు.

"అదా," అని ఆయన నిచ్చెన మీదే కూర్చుని చెప్పాడు. 1986లో ఆ సమావేశానికి ఆయన ఒకే ఒక్క కోరికతో వెళ్ళాడు. ఇరవై రెండేళ్ళుగా ద్వారాలు కడుతున్నాను, ఈసారి ఒక్క చిన్న ద్వారానికి, వెనక వైపుదైనా సరే, నా పేరు పెట్టండి అన్నాడు. అప్పటి అధ్యక్షుడు మీసం దువ్వుకుని, "నియమం ఉంది భూయాన్. ముందు పోవయ్యా, తర్వాత చూద్దాం" అన్నాడు. అందరూ నవ్వారు. ఈయనకి ఒళ్ళు మండి, "అయితే ఇవాళ్టినుంచి మీ సభకి నేను పోయినట్టే లెక్క, రాసుకోండి" అని లేచి వచ్చేశాడు. అప్పటి కార్యదర్శి ఎవరైనా తుమ్మితే కూడా రాసుకునే రకం. రాసుకున్నాడు. లోపల ఎవరో, "పోయినవాడికి మౌనం పాటించాలి కదా, లేవండి" అన్నారు. లేచారు.

"నేను గడప అవతల చెప్పులేసుకుంటున్నా," అన్నాడు ఖర్గేశ్వర్ ఖురా. "కుర్చీలు జరిగిన చప్పుడు వినబడింది. లెక్కపెట్టా. పదకొండు దాకా వచ్చేసరికి ఎవడో కుర్రాడు కిసుక్కుమన్నాడు. ఆ వెంటనే అందరూ. నా మౌనం పదకొండు సెకన్లు, మాజొనీ."

మాజొనీ అంటే చిట్టితల్లీ అన్నట్టు. అరవై ఒకటో ఏట నన్నలా పిలిచిన మనిషి ముందు సిగ్గుతో తల వంచుకున్నాను. ఆ పేజీ నమ్మి ఆయన చావు రాసేసినదాన్ని నేను. ఆ పేజీ పరాచికమని నాకు తోచనే లేదు.

"నా గురించి పుస్తకంలో కూడా రాశావటగా, రాత్రి రేవులో చెప్పారు. ఎలా పోయానని రాశావు?" అన్నాడు.

"వరదలో," అన్నాను మెల్లగా.

"ఫిబ్రవరిలోనా? మన రేవు దగ్గర ఫిబ్రవరిలో బాతులు నడిచి వెళతాయి." ఆయన జాలిగా చూశాడు. "పోనీలే. చదవడానికి బాగుంటుంది, ఉంచు."

ఆ తర్వాత నిచ్చెన దిగొచ్చి నా ముందు నిలబడ్డాడు. ఇందాకటి విసురు లేదు. "ఇప్పుడు దీన్ని తీసేస్తారా?" అన్నాడు. "ఎనభై మూడేళ్ళొచ్చాయి నాకు. నిజంగా పోయాక పెడితే నేను చూడొస్తానా? మూడు రోజుల పండగ. మూడు రోజులు ఉంచు. నేను బతికున్నట్టు ఎవరికీ చెప్పను. అవతలివైపు నిలబడి ఎవరెవరు దీని కిందుగా వెళుతున్నారో చూసుకుంటా, అంతే."

ఉంచుతానని మాటిచ్చేశాను. హెడ్‌మిస్ట్రెస్ మాట. ఇచ్చిన రెండు నిమిషాలకే, సైకిల్ స్టాండు పలక నిటారుగా ఉందో లేదో చూసుకోవడానికి ఫటిక్ వచ్చాడు. ముసలాయన్ని చూశాడు. పైనున్న పేరుని చూశాడు. మళ్ళీ ముసలాయన్ని చూశాడు.

"మీరు... పోలేదా?" అన్నాడు.

"నాకు తీరిక దొరకలేదు," అన్నాడు ఖర్గేశ్వర్ ఖురా.

పావుగంటలో వేదిక వెనక అత్యవసర సమావేశం పెట్టాం. పొద్దున్నే కాబట్టి అటుకులూ పెరుగూ బెల్లం పళ్ళాల్లోనే పెట్టుకుని కూర్చున్నాం. మా అధ్యక్షుడు ఇంద్రధర్ చలిహా గారికి ఎనభై ఎనిమిదేళ్ళు. ఒక చెవి వినబడదు, రెండోది ఆయన ఇష్టం. తొంభైల్లో బదిలీ మీద వచ్చిన మాస్టారు కాబట్టి పాత గొడవలేవీ ఆయనకి తెలియవు.

"ఎవరు పోయారు?" అన్నారు, మా మొహాలు చూసి.

"ఎవరూ పోలేదండీ. అదే సమస్య," అన్నాడు ఫటిక్. ఆ తర్వాత గుడారం గుడ్డ వైపు తిరిగి, అంటే నాతో అన్నమాట, "పదకొండో నియమం ప్రకారం బతికున్నవాళ్ళ పేరు ద్వారానికి ఉండకూడదు. పదింటికి ముఖ్య అతిథి వస్తున్నారు. పలక తీసేయాలి. మా మామగారి పలక సైకిల్ స్టాండు దగ్గర సిద్ధంగానే ఉంది, అక్కణ్ణించి తెచ్చి పెడితే సరి" అన్నాడు.

"మరి సైకిళ్ళు?" అన్నారు చలిహా గారు.

"సైకిళ్ళకి పేరు లేకపోయినా నిలబడతాయండీ."

నేను ఇనప్పెట్టెలోంచి 1986 పుస్తకం తెప్పించాను. పేజీ తీసి చదివాను. "నియమాల మాటొచ్చింది కాబట్టి నియమమే మాట్లాడుకుందాం," అన్నాను. "ఖర్గేశ్వర్ భూయాన్ ఈ సభకి పోయినట్టు ఇందులో రాసి ఉంది. మౌనం పాటించినట్టు ఉంది. తర్వాతి సమావేశంలో దీన్ని చదివి సరిగ్గా ఉందని ఆమోదించారు. కింద ఇరవై ఒక్క సంతకాలున్నాయి. పంతొమ్మిదోది ఫటిక్‌ది. ఒకసారి ఆమోదించిన రాతని మార్చాలంటే పదిహేను రోజుల ముందు నోటీసిచ్చి సర్వసభ్య సమావేశం పెట్టాలి. అప్పటిదాకా మన రికార్డుల్లో ఈయన స్వర్గీయుడే."

"మనిషి ఎదురుగా కూర్చుని వక్కాకు నములుతుంటే స్వర్గీయుడెలా అవుతాడు బైదేవ్?" అన్నాడు ఫటిక్. కోపంలో గోడ సంగతి మర్చిపోయి నాతోనే మాట్లాడేశాడు.

"నమలనీ. నమలకూడదని ఏ నియమంలో ఉంది?"

ఖర్గేశ్వర్ ఖురా చటుక్కున నమలడం ఆపాడు. కేసు చెడిపోతుందేమోనని ఆయన భయం.

చలిహా గారు పెరుగు గిన్నె ఖాళీ చేసి మూతి తుడుచుకున్నారు. "ముప్పై ఎనిమిదేళ్ళ క్రితం పోయినవాడికి," అన్నారు, "ఇవాళ పదింటిలోపు బతకాల్సిన తొందరేముంది? ఉత్సవం అయ్యాక తీరిగ్గా బతికిద్దాం." అదే తీర్మానమైంది. అయితే స్వర్గీయుడికి గామోసా ఇవ్వకూడదని, భోజనం కూపను కూడా కుదరదని ఫటిక్ పట్టుబట్టి రాయించాడు. ఖర్గేశ్వర్ ఖురా అన్నిటికీ తలూపాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. ఈయన బతికుండగానే ఆ చారెడు కళ్ళూ పెట్టుకుని ద్వారం వైపే చూస్తూ కూర్చున్నాడు.

తీర్మానమైతే అయింది గానీ, ఫటిక్ పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. తొమ్మిదిన్నరకి, ఫటిక్ దగ్గి చూసి వదిలిపోయిన మైకుని నేను మళ్ళీ పరీక్షిస్తుంటే ద్వారం దగ్గర గోల వినబడింది. వెళ్ళి చూస్తే ఫటిక్ తనే నిచ్చెనెక్కి పలక ఊడదీయబోతున్నాడు. ఖురా తడి పేముతో కట్టిన ముళ్ళు ఎండ తగిలేసరికి ఆరి బిగుసుకున్నాయి. గోళ్ళతో లాగాడు, తాళంచెవితో పొడిచాడు, పళ్ళతో కొరికాడు. పేము కదల్లేదు, పై వరస కట్టుడు పన్ను కదిలింది.

"ఖురా, వచ్చి ఇది విప్పండి," అన్నాడు రొప్పుతూ.

"నేనా? పోయినవాణ్ణి, నేనెలా విప్పుతాను నాయనా?" అన్నాడు ఖర్గేశ్వర్ ఖురా కింద నిచ్చెన పట్టుకుని. పట్టుకోకపోతే ఫటిక్ ఎప్పుడో పడిపోయేవాడు.

అక్కడిదాకా నాకు నవ్వాగలేదు. అప్పుడు ఖురా తలెత్తి, ఇంకెవరికీ వినబడనట్టు, "ఆ రోజు నవ్వింది నువ్వే కదూ?" అన్నాడు.

ఫటిక్ చేతులు ఆగిపోయాయి.

"ఇందాక నువ్వు మైకులో దగ్గావు. దగ్గు చివర చిన్న కీచు వస్తుంది నీకు. ఆ రోజు కిసుక్కుమన్నప్పుడూ అదే కీచు."

"నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు ఖురా," అన్నాడు ఫటిక్.

"నాకు నలభై అయిదు. నలభై అయిదేళ్ళవాడికి కూడా నొప్పేస్తుంది."

ఫటిక్ నిచ్చెన దిగాడు. నా పక్కనుంచి వెళుతూ ఆగాడు. "పేర్ల సమావేశంలో మీరు ఆయన పేరు చదివినప్పుడు నిజంగానే పోయాడనుకున్నా బైదేవ్," అన్నాడు. "పోయినవాడికి క్షమాపణ చెప్పనక్కర్లేదు కదా అని కాస్త ఊపిరి పీల్చుకున్నా కూడా." ఈ ముక్క అతను నా మొహం చూసి చెప్పాడు. ముప్పై ఏళ్ళ పరిచయంలో నాకు ఫటిక్ మీద జాలేసింది అప్పుడే.

పదింటికి ఊరేగింపు వచ్చింది. డప్పులూ, కొమ్ము బూరలూ, బడి పిల్లలూ, తాటాకు టోపీలూ, మధ్యలో ముఖ్య అతిథి జీపు. జీపుకి కట్టిన జెండా కర్ర ద్వారం అడ్డగడకి ఠప్పున తగిలింది. పాత తాళ్ళ మీద ఉండి ఉంటే ముఖ్య అతిథి కూడా అక్కడికక్కడే ఓ ద్వారానికి అర్హత సంపాదించేవారు. అడ్డగడ వణికి, నిలబడింది. అవతలివైపు గుంజ పక్కన ఖర్గేశ్వర్ ఖురా నిలబడి, కిందుగా వెళ్ళే ప్రతి మనిషినీ చూస్తున్నాడు. వెళ్ళేవాళ్ళలో ఒకామె తలెత్తి పేరు చదివి, "పాపం, ఎవరో మంచాయన" అంది. ఆయన కూడా ఆమెతోపాటు "పాపం" అన్నాడు.

జెండా ఎగరేశాక స్మృతి తర్పణం. దీపం వెలిగించి, పోయిన సభ్యుల పేర్లు ఒక్కొక్కటే చదవాలి, చివర అందరికీ కలిపి ఒక నిమిషం మౌనం. పేర్లు నేనే చదివాను. ధర్మకాంత దువరా గారి పేరుకి ఒక సైకిల్ గంట మోగింది, ఎవరు కొట్టారో తెలియలేదు. జాబితాలో ఆఖరి పేరు ఖర్గేశ్వర్ భూయాన్. ఆ పేరు రెండుసార్లు చదివాను. ఎందుకు చదివానో నాకే తెలియదు, మనిషి ఎదురుగానే ఉన్నాడు.

ఆరువందల మంది లేచారు. ఖురా కూడా గుంజ పక్కన తలకి చుట్టుకున్న గుడ్డ తీసి, చేతులు కట్టుకుని, తల వంచాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను. నేను తల వంచినట్టే వంచి ఓరకంట ఫటిక్‌ని చూస్తున్నాను. అతను మణికట్టు పైకెత్తి ఉంచాడు. పదకొండు సెకన్లు దాటాయి. ఎవరూ నవ్వలేదు. ఇరవై దాటింది. ఒక పసిపిల్లాడు ఏడిస్తే వాళ్ళమ్మ పందిరి బయటికి తీసుకుపోయింది. నలభై వచ్చింది. అలవాటు చొప్పున సగం మంది కుర్చీల వైపు వంగారు. ఫటిక్ నోరు తెరవలేదు. వంగినవాళ్ళు మళ్ళీ నిటారుగా అయ్యారు. చలిహా గారు నిలబడే నిద్రపోయారు. యాభై దాటింది. అప్పుడు చూశాను, ఫటిక్ గడియారం వైపు చూడనే చూడటం లేదు. ద్వారం వైపు చూస్తున్నాడు.

"ధన్యవాదాలు," అన్నాడు చివరికి. చివర్న చిన్న కీచు వచ్చింది. "కూర్చోండి."

జనం కూర్చున్నాక నేను ఇంటినుంచి తెచ్చిన అన్నం క్యారియరు పట్టుకుని ద్వారం దగ్గరికి వెళ్ళాను. చేపల పులుసు, ఉడికించిన ఆలుగడ్డ. స్వర్గీయులకి కూపను లేదు గానీ క్యారియరు వద్దని ఎక్కడా రాయలేదు. ఖురా ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు, తలగుడ్డ చేతిలోనే ఉంది.

"అరవై నాలుగు," అన్నాడు.

"ఏమిటి ఖురా?"

"లెక్కపెట్టా. నిమిషం మీద నాలుగు." ఆయన తలగుడ్డతో కళ్ళు ఒత్తుకుని, ఆ తడిగుడ్డే మళ్ళీ తలకి చుట్టుకున్నాడు. "గడియారాలు అమ్మేవాడు కదా మాజొనీ, తనదొకసారి చూపించుకోమను. నిదానంగా నడుస్తోంది."